పొగ లేని బండికి అహోబిలంలో పూజ

మా వీధి చివరి హోటల్లో బొరుగులతో చేసే ఉగ్గాని బాగుండేది. బజ్జీలు మాత్రం పాత పేపర్లో పెట్టిచ్చేవాళ్లు. నూనెకు అక్షరాలన్నీ బజ్జీకి అంటుకునేవి. ఆ రోజుల్లో నేను చదివిన వార్తలకన్నా తిన్న వార్తలే ఎక్కువ.

రెండువేల ఏడో ఎనిమిదో సంవత్సరంలో, అట్లా చేతికొచ్చిన ఒక ఆదివారం అనుబంధంలో భూగోళం నోట్లో థర్మామీటర్ పెట్టుకుని ఉంది. ఎదురుగా కూర్చున్న మా చిన్నాయనకు ఆ బొమ్మ గట్టిగా పట్టేసింది. ఆయనకు కర్నూల్లో బట్టలంగడి. అప్పటికే టీవీలో మంచు విరిగిపడటం, ఒక తెల్ల ఎలుగుబంటి మిగిలిన ముక్క మీద నిలబడి దిక్కులు చూడటం చూసి మనసు పాడు చేసుకుని ఉన్నాడు. మే నెలలో కర్నూల్లో కూర్చుని, భూమి వేడెక్కుతోందని టీవీ చూసి తెలుసుకున్నవాళ్లం బహుశా మేమే.

అంగడిలో సగం ఖాళీ చేసి బ్యాటరీ స్కూటర్లు దించాడు. డిగ్రీ చదువుతున్నానన్న గౌరవంతో కరపత్రం నాతో రాయించాడు. ‘భూమికి జ్వరం, పొగ లేని బండే మందు’ అని రాశాను. జనం వచ్చారు, ఎక్కి కూర్చున్నారు, హారన్ కొట్టి చూసి వెళ్లిపోయారు. ఒక్క బండీ గడప దాటలేదు. దసరాలోపు ఒకటన్నా అమ్మకపోతే ఆ సగంలో కూడా చీరలే పెడతానని పిన్ని తేల్చి చెప్పింది.

దసరా దగ్గర పడ్డాక, పల్లెలో పొలాలుండి పిల్లల చదువుల కోసం టౌనులో కాపురం పెట్టిన ఒక పెద్దాయన వచ్చాడు. ముసలి తల్లి కూడా వెంట ఉంది.

“భూమికి జరమంట, నిజమేనా?” అన్నాడు కరపత్రం చూపిస్తూ.

“శానా ఉండాదన్నా,” అన్నాడు చిన్నాయన, ఇంట్లో మనిషి సంగతి చెప్పినట్టు.

బండి నచ్చింది. కానీ వాళ్లింట్లో ట్రాక్టరైనా జీపైనా ముందు అహోబిలం పోవాలి. నరసింహస్వామి దగ్గర పూజయ్యాకే బేరం ఖాయం. ఈ బండి ఒక చార్జింగుతో సగం దారిలో ఉన్న నంద్యాల చేరితేనే గొప్ప.

“పూజ ఈన్నే చేపిద్దాంలేన్నా,” అన్నాడు చిన్నాయన.

“దేవుని కాడికి పోలేని బండి ఇంగ యాడికి పోతాదప్పా?” అన్నాడు పెద్దాయన.

చివరికి డీజిల్ ట్రాలీ ఆటో మాట్లాడి స్కూటర్ను అందులోకి ఎక్కించాము. బయల్దేరే ముందురోజు చార్జింగు పెట్టబోతే పెద్దాయన తల్లి, ఆ అవ్వ, అడ్డం పడింది. “దేవునికి చూపీకముందే దానికి తినిపిస్తారా? నైవేద్యం పెట్టకముందు మనం తింటామా?” డిగ్రీ చదువుతున్న నేనే వైరు చుట్టి పక్కన పెట్టాను. లారీలో వచ్చినప్పుడు మిగిలిన కాస్త చార్జి నిమ్మకాయలు తొక్కించడానికి చాలుతుందని చిన్నాయన ధైర్యం.

పెద్దాయన, అవ్వ, చిన్నాయన జీపులో ముందు పోయారు. నేను ట్రాలీలో స్కూటర్ను పట్టుకుని కూర్చున్నాను. ఆళ్లగడ్డ దాటేసరికి స్కూటర్ ముందున్న ‘పొగ లేని బండి’ అన్న బోర్డు, దాంతోపాటు నేనూ, ఆటో పొగకు ఒకే రంగుకు వచ్చాం.

గుడి ముందు పూజారి కుంకుమ పెట్టి, హారతిచ్చి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి పక్కకు నిలబడ్డాడు.

“స్టార్ట్ చేయండి.”

“అయింది స్వామీ,” అన్నాడు పెద్దాయన.

పూజారి బండి దగ్గర చెవి పెట్టి విన్నాడు, చప్పుడు లేదు. పెద్దాయన హ్యాండిల్ తిప్పాడు. బండి జానెడు కదిలి, నిమ్మకాయను ఆనుకుని ఆగిపోయింది. మీటరు దగ్గరున్న ఎర్రదీపం కూడా ఆరిపోయింది. పక్కనున్న టీ అంగడిలో చార్జింగు పెడదామని చిన్నాయన వైరు తీసుకుని పరుగెత్తాడు. కరెంటు సాయంత్రానికి గానీ రాదన్నారు.

ముహూర్తం దాటిపోతోందని పూజారి తొందర పెట్టాడు. పెద్దాయన బండి మీద కూర్చునే ఉన్నాడు. ఆయన మనిషి కూడా భారీగానే ఉంటాడు. వెనక నుంచి నేనూ చిన్నాయనా నెట్టాం. నిమ్మకాయలు నలిగాయి. చిన్నాయన చొక్కా తడిసిపోయింది. అయినా పెద్దాయన ముఖంలోకి చూసి నవ్వాడు.

పెద్దాయన దిగి తల్లి వైపు చూశాడు. అవ్వ మెట్టు మీద కూర్చుని అంతా చూస్తోంది.

“మోసుకొచ్చినారు, ఇప్పుడు తోస్తాండారు,” అంది చిన్నాయనతో. “ఇది మనల్ని మోసేది ఎప్పుడప్పా?”