మొదటి సంతకం

వగిమాన్ నిచ్చెన మోసుకుంటూ సభామందిరం వైపు వెళ్తున్నాడంటే ఆ రోజు సోమవారం, టైము ఎనిమిది. ప్రధాన కార్యదర్శి కుర్చీ వెనక గోడ మీద ఒక లోలకం గడియారం ఉండేది. మండలి పుట్టిన ఏడాది ఎవరో కానుకగా ఇచ్చారు. దానికి వారానికోసారి కీ ఇవ్వాలి. పెట్టె ఓ పక్కకి ఒరిగిపోయింది కాబట్టి కింద నాలుగు మడతల అట్టముక్క దోపాలి. ఆ ముక్క ఎక్కడ దోపాలో అతనొక్కడికే తెలుసు. గోరంత అటూ ఇటూ అయినా లోలకం రెండు నిమిషాలు ఊగి ఆగిపోతుంది. మైకులూ, అనువాదకుల గదుల్లో హెడ్‌ఫోన్లూ, జెండా కర్రల బోల్టులూ అన్నీ ఇరవై రెండేళ్ళుగా అతనే చూసేవాడు. అయినా జకార్తా ఆఫీసులో అతనికి గుర్తింపు గడియారంతోనే వచ్చింది. భోజనాల వేళ కాస్త ముందుకు జరపరాదూ పాక్, అని డ్రైవర్లు ఆటపట్టించేవారు. జరిపితే మీ జీతాల రోజు వెనక్కి పోతుంది, అనేవాడు వగిమాన్. అక్కడ మగవాళ్ళని పాక్ అనీ, ఆడవాళ్ళని ఇబు అనీ గౌరవంగా పిలుస్తారు.

మాది ఏడు దేశాల జలసంధుల మండలి. నేను అలల కొలతల విభాగంలో ఉండేదాన్ని. ఆఫీసు వెనక సందులో, వగిమాన్ ఇంటికి నాలుగిళ్ళ అవతల అద్దెకుండేవాళ్ళం. అతని భార్య ముర్యాతి నా పాపని పగలంతా చూసుకునేది. వాళ్ళకి పిల్లలు లేరు. పాప మొదటి అడుగు వేసింది వాళ్ళింట్లోనే, నేను చూళ్ళేదు. సెప్టెంబరు నుంచి ముర్యాతి పాపని ఎత్తుకుని వాకిలి దాకా కూడా నడవలేకపోయేది. గుండెలో ఒక కవాటం సరిగ్గా మూసుకోవడం లేదనీ, మార్చాలనీ డాక్టర్లు చెప్పారు. ఆపరేషన్‌కి దొరికిన తేదీ జనవరి మూడు.

చిక్కంతా ఆ తేదీతోనే. స్థానిక ఉద్యోగుల కాంట్రాక్టు ఏడాదికోసారి డిసెంబరు ముప్పై ఒకటి సాయంత్రం ఐదింటికి ముగుస్తుంది. దానితోపాటే వైద్యబీమా కార్డూ ముగుస్తుంది. అది లేకుండా ఆపరేషన్ ఖర్చు భరించడం వగిమాన్ వల్ల కాదు. మామూలుగా డిసెంబరు మధ్యలోనే ప్రధాన కార్యదర్శి అందరి కాగితాల మీదా వరసగా సంతకాలు పెట్టేస్తాడు. కానీ దిగిపోబోయే కార్యదర్శి చివరి మూడు నెలల్లో, వచ్చేవాడి చేతులు కట్టేసే సంతకం ఏదీ పెట్టకూడదు. అప్పటి కార్యదర్శి డాక్టర్ ఇలగాన్‌కి అది చివరి ఏడాది.

వగిమాన్ నవంబరులోనే సిబ్బంది విభాగానికి వెళ్ళాడు. అక్కడి అధికారిణి ఇబు హండయానీ అతనికి టీ ఇచ్చి మరీ ధైర్యం చెప్పింది. కొత్తాయన కూర్చున్న గంటలోనే సంతకాలు అయిపోతాయనీ, కార్డు ఒక్క రోజు కూడా ఆగిన దాఖలా లేదనీ అంది. అది నిజమే. అంతకుముందెప్పుడూ కొత్తాయన రాకపోవడమన్నది లేదు.

ఆ ఏడు కొత్తాయన రాలేదు. మా మండలిలో కుర్చీ దేశాల పేర్ల అక్షరక్రమంలో తిరుగుతుంది. ఏ దేశం వంతు వస్తే ఆ దేశం ఒక మనిషిని చూపిస్తుంది. ఓట్లుండవు. ఏడుగురు రాయబారులూ నోరు మెదపకుండా కూర్చుంటే ఒప్పుకున్నట్టు. ఎవరైనా ఒక్కరు గొంతు సవరించుకుంటే ఆ పేరు పోయినట్టే. ఈసారి వంతు వచ్చిన దేశం ఒక మాజీ మంత్రిని చూపించింది. పక్క దేశపు రాయబారి గొంతు సవరించుకున్నాడు. మనుషులెవరూ ఉండని ఒక దిబ్బ గురించి ఆ రెండు దేశాలకీ తగువు. రెండో పేరు చూపించారు, మళ్ళీ దగ్గు. ముప్పై ఒకటి సాయంత్రం ఐదు కొట్టేలోపు ఎవరూ కుదరకపోతే కుర్చీ ఉపకార్యదర్శికి పోతుంది. అది ఇలగాన్‌కి ససేమిరా ఇష్టం లేదు. ఇక చాలు, మనవలతో ఆడుకోవాలని ఉంది అని ఆయన కనిపించిన ప్రతివాడికీ చెబుతూ ఉండేవాడు. అంతగా చెబుతున్నాడంటే ఇంకో దఫా కావాలనుకుంటున్నాడని క్యాంటీన్‌లో అందరికీ తెలుసు.

నిబంధనల పుస్తకంలో ఒక వాక్యం ఉంది. సభాకాలానికి మందిరంలోని గడియారమే ప్రమాణం. పాతరోజుల్లో పెద్దలు దాన్ని ఆధారం చేసుకుని ఒకటి రెండుసార్లు గంటో గంటన్నరో గడియారం ఆపి పని ముగించుకున్నారట.

ముప్పై ఒకటిన నాలుగూ నలభైకి ఇలగాన్ వగిమాన్‌ని కుర్చీ దగ్గరకి పిలిచాడు. నేను పటాలు పట్టుకుని వెనక వరసలో ఉన్నాను.

"గడియారం అలసిపోయినట్టుంది కదా వగిమాన్?"

"సోమవారం కీ ఇచ్చాను సర్. బాగానే ఉంది."

"ఒకసారి ఎక్కి చూడు." ఇలగాన్ గొంతు తగ్గించాడు. "మీ ఆవిడకి ఆపరేషనని విన్నాను. నేనిక్కడ ఉంటే మొదటి సంతకం నీ కాగితం మీదే."

వగిమాన్ నిచ్చెన తెచ్చుకున్నాడు. అద్దం తలుపు తీసి రెండు వేళ్ళతో లోలకాన్ని పట్టుకున్నాడు. పిల్లాడి ముక్కు తుడిచినంత మెల్లగా పట్టుకుని వదిలాడు. ఏడుగురు రాయబారులూ తలవంచుకుని తమ ముందున్న కాగితాలు చదువుకున్నారు. ఎవరూ గొంతు సవరించుకోలేదు.

ఆ సాయంత్రం ఇంటికి నడుస్తూ అతను నన్నడిగాడు. "ఇబు, మీరు సైన్సు చదువుకున్నవారు. గడియారం ఆగితే తారీకు కూడా ఆగినట్టేనా?"

పాపకి ఆ పొద్దుట ఒళ్ళు వెచ్చగా ఉంది. నా ధ్యాసంతా దాని మీదే. నడక ఆపకుండానే నవ్వి, ఏడు దేశాలు ఆగిందంటుంటే కాదనడానికి మనమెవరం పాక్, అన్నాను. అతను నవ్వలేదు. డాక్టరు చెప్పిన మోతాదు గుర్తుపెట్టుకునేవాడిలా తల ఊపాడు.

మర్నాడూ, ఆ మర్నాడూ సభ జరిగింది. వగిమాన్ రెండు రోజులూ వచ్చి మైకులు చూశాడు. గేటు దగ్గర అతని బ్యాడ్జి పలికింది. టైపైన ప్రతి కాగితం మీదా డిసెంబరు 31 అనే ఉంది. క్యాంటీన్ బోర్డు మీద కూడా ఎవరో నవ్వుకుంటూ అదే తారీకు రాసి, కింద ఆ రోజు కూర పేరు రాశారు. అంతమంది చదువుకున్నవాళ్ళు రాసిన తారీకుని అతను నమ్మాడు. పనిలో ఉన్నాడు, తారీకు ముప్పై ఒకటి, కాబట్టి కాంట్రాక్టు ఉంది, కార్డూ ఉంది. ఆ లెక్కలో నాకూ ఏ మెట్టు దగ్గరా తప్పు దొరకలేదు. నేను వెతకనూ లేదు.

మూడో తేదీ పొద్దున్న వాళ్ళతోపాటు ఆసుపత్రికి వెళ్ళాను. ముర్యాతి చక్రాల కుర్చీలో కూర్చుని, ఒళ్ళో ఉన్న నా పాప వేళ్ళు లెక్కపెడుతోంది. కౌంటర్లో అమ్మాయి కార్డుని రెండుసార్లు గీసి చూసింది.

"ఇది ముప్పై ఒకటితో అయిపోయింది పాక్."

"అవును. మా ఆఫీసులో ఇంకా ముప్పై ఒకటే."

ఆ అమ్మాయి తల ఎత్తి చూసింది. అతను గడియారం సంగతంతా నింపాదిగా, వరసగా చెప్పాడు. వెనక వరసలో నవ్వు మొదలైంది. వచ్చేటప్పుడు మా అప్పులవాడికి కూడా ఆ గడియారం చూపించండి, అన్నాడెవరో. కౌంటరు అమ్మాయి కూడా నవ్వాపుకోలేక చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"మా దగ్గర మూడో తారీకు. ముప్పై ఒకటిలోనే చేయించుకోవాలంటే మీ ఆఫీసులోనే చేయించుకోండి."

నవ్వని మనిషి ముర్యాతి ఒక్కతే. "మాస్, ఇంటికి పోదాం. చలేస్తోంది," అంది భర్తతో.

వగిమాన్ అక్కడి నుంచే హండయానీకి ఫోన్ చేశాడు. ఆమె మాట నాకూ వినపడింది. గడియారం ఆగింది సభకి, మీ కాంట్రాక్టుకి కాదు, అందామె. మరి నిన్నా మొన్నా నేను చేసింది ఏ పని అని అతను అడిగితే, ఎవరు రమ్మన్నారు పాక్, మీరే వచ్చారు కదా, అంది. ఆ మాటలో కసి లేదు. పట్టికలో గడి చూసి చదివినట్టు చెప్పింది.

మధ్యాహ్నం భోజనవిరామంలో అతను ఇలగాన్‌కి ఎదురెళ్ళాడు. ఇలగాన్ పళ్ళెంలో వేయించిన చేప ఉంది. ఆయన ఓపిగ్గా విన్నాడు, భుజం మీద చెయ్యి కూడా వేశాడు. ఇప్పుడు తను సభా కాగితాలు తప్ప ఏది ముట్టుకున్నా, పదవీకాలం దాటాక అధికారం చెలాయించాడని ఎవరో ఒకరు గొంతు సవరించుకుంటారని వివరించాడు. "ఇంకో రెండు మూడు రోజులు. ఈలోపు ఆపరేషన్ తేదీ మార్పించు. మొదటి సంతకం నీదే అన్నానా లేదా?"

పక్కనే నిలబడ్డాను. నేనూ ఏదైనా అనొచ్చు. నా మూడేళ్ళ కాంట్రాక్టు మార్చిలో ముగుస్తోంది. దాని మీదా ఆయన సంతకమే పడాలి. పాప టీకాలు, పాప డాక్టరు, అన్నీ దానితో వచ్చే బీమా కార్డు మీదే. నేను పళ్ళెంలో అన్నం పెట్టుకున్నాను.

తిరిగి వస్తుంటే మందిరంలో వగిమాన్ ఒక్కడే గడియారం కింద నిలబడి ఉన్నాడు. కీ అతని జేబులోనే ఉంది, నిచ్చెన గోడకి ఆనించి ఉంది. లోలకాన్ని ఒక్కసారి నెట్టి ముళ్ళు ఇరవై నిమిషాలు ముందుకి తిప్పితే ఐదు కొడుతుంది, ఇలగాన్ దిగిపోతాడు. కానీ ఇలగాన్ దిగిపోతే మొదటి సంతకం కూడా పోతుంది. ఉపకార్యదర్శి అతనికి ఏ మాటా ఇవ్వలేదు. వగిమాన్ చాలాసేపు పైకి చూశాడు. తర్వాత నిచ్చెన తీసి స్టోరుగదిలో పెట్టేశాడు.

ఆసుపత్రివాళ్ళు ఇచ్చిన కొత్త తేదీ ఫిబ్రవరి పద్దెనిమిది. ముర్యాతి ఐదో తేదీ తెల్లవారుజామున పోయింది. ఊపిరితిత్తుల్లో నీరు చేరింది. మధ్యాహ్నానికల్లా ఖననం అయిపోయింది. ఆ సాయంత్రం నుంచి ఇంట్లో ఏడు రోజుల ప్రార్థనలు మొదలయ్యాయి.

ఆరో తేదీ పొద్దున్న రాయబారులు రాజీ పడ్డారు. ఎవరి మనిషీ వద్దు, ఇలగాన్‌నే ఇంకో రెండేళ్ళు ఉండమన్నారు. ఇక గడియారం నడవాలి. వేరే మెకానిక్ వచ్చి మూడుసార్లు నెట్టాడు. మూడుసార్లూ రెండేసి నిమిషాలకి ఆగిపోయింది. అట్టముక్క ఎక్కడ దోపాలో అతనికి తెలియదు. కారు పంపించి వగిమాన్‌ని రప్పించారు.

గేటు దగ్గర బ్యాడ్జి పలకలేదు. ఇరవై రెండేళ్ళుగా అతనితో సిగరెట్లు పంచుకున్న కాపలాదారు సోమద్, రిజిస్టరులో పేరు రాయించి మెడలో సందర్శకుల చీటీ వేశాడు. "ఏమనుకోకు పాక్. ఎవర్ని చూడ్డానికొచ్చావని రాయమంటావు?"

"గడియారాన్ని," అన్నాడు వగిమాన్.

ప్రార్థనలకి పెట్టుకున్న నల్లటోపీతోనే నిచ్చెనెక్కాడు. అట్టముక్క సర్ది, చెవి పెట్టి విని, లోలకాన్ని వదిలాడు. నాలుగూ నలభై. ముళ్ళు చేత్తో తిప్పితే రేపెవరైనా తప్పుపడతారని, ఇరవై నిమిషాలూ అందరూ టీ తాగుతూ కూర్చున్నారు. ఫొటోగ్రాఫరు వగిమాన్‌ని కాస్త పక్కకి జరగమన్నాడు. గడియారం ఐదు కొట్టింది, చప్పట్లు కొట్టారు. బయట పొద్దున్న పదకొండయింది.

ఇలగాన్‌కి అప్పుడెవరో చెవిలో చెప్పారు. ఆయన వగిమాన్ దగ్గరకొచ్చి గుండె మీద చెయ్యి పెట్టుకున్నాడు. "అయ్యో. తేదీ మార్పించమన్నాను కదా?"

"మార్పించాను సర్," అన్నాడు వగిమాన్.

ఆ సాయంత్రం ప్రార్థనలకి వెళ్తుంటే హండయానీ నా చేతికి ఒక కవరిచ్చింది. పక్కనేగా మీ ఇల్లు, ఇచ్చేయండి, అంది. అది సంతాప లేఖ. ఐదు కొట్టడానికి ముందే, టీ తాగుతుండగా టైపు చేయించారట. ఐదు కొట్టాక ఇలగాన్ ముందుగా సంతకం పెట్టింది దాని మీదేనని ఆమె కాస్త గర్వంగానే చెప్పింది. ఆయన మాట తప్పే మనిషి కాదంది.

వగిమాన్ చాప మీద కూర్చుని, దీపం దగ్గరకి జరిగి చదివాడు. మీ ప్రియమైన భార్య మరణవార్త మమ్మల్ని ఎంతో కలచివేసింది అని ఉంది. తర్వాత అతని వేలు కాగితం పైకి జరిగి తారీకు మీద ఆగింది. సభ ముగిసేదాకా టైపైన అన్ని కాగితాల మీదా ఉన్న తారీకే అది. డిసెంబరు 31.

"ఇబు," అన్నాడు, "ఆ రోజు మధ్యాహ్నం ముర్యాతి మీ పాపకి అరటిపండు మెదిపి పెట్టింది. మీ పాప ఉమ్మేస్తుంటే నవ్వింది."

అవునన్నాను. పాప నా ఒళ్ళో నిద్రపోతోంది.

అతను కాగితాన్ని రెండుగా మడిచాడు, మళ్ళీ రెండుగా మడిచాడు. అట్టముక్కంత మందం వచ్చిందో లేదో వేళ్ళ మధ్య నొక్కి చూసుకుని జేబులో పెట్టుకున్నాడు.