కంపు కలిపే బావ

సహజవాయువుకు సొంతంగా వాసన ఉండదు. లీకైతే జనం పసిగట్టాలని, శుద్ధి చేశాక అందులో మెర్కాప్టాన్ అనే కంపు రసాయనాన్ని కాస్త కలుపుతారు. ప్లాంటులో ఆ కలిపే పని మా బావది. ఆ కంపు ఆయన చొక్కాకీ, జుట్టుకీ పట్టేసింది. బస్సులో పక్క సీటు ఎప్పుడూ ఖాళీయే. ఒకసారి ఆయన చొక్కా వరండాలో ఆరేస్తే, పక్కింటివాళ్లు గ్యాస్ ఆఫీసుకు ఫోన్ చేశారు. ఆయన ముక్కు మాత్రం ఎప్పుడో మొద్దుబారింది.

"ఊరు ఊరంతా నిశ్చింతగా వంట చేసుకుంటోందంటే నా చలవేరా బావమరిదీ," అని మీసం మెలేసేవారు. ఆయన వీధి మలుపు తిరిగారంటే చాలు, అక్క ఆయన స్నానానికి నీళ్లు కాచడానికి లేచేది.

మొన్న సాయంత్రం వాళ్లింటికి వెళ్తే గుమ్మంలోనే కంపు గుప్పుమంది. వంటింట్లో పొయ్యి గొట్టం చీలి ఉంది. ఒక్క అంగలో వెళ్లి వాల్వు కట్టేసి, కిటికీలు బార్లా తెరిచాను. వెనక్కి తిరిగితే అక్క వంటింటి గడపలో నిలబడి ఉంది. నాకు ఒళ్లు మండిపోయింది.

"ఇంత కంపు కొడుతుంటే తెలియలేదా అక్కా?"

"తెలియకేం? మీ బావ వచ్చేస్తున్నారనుకున్నానురా. నీళ్లు కాచి పెడదామని లేచాను."

ఆమె చేతిలో అగ్గిపెట్టె ఉంది.