సరిహద్దు కోట

రావులపాలెంలో మేం అద్దెకున్న ఇంటి ఓనరుగారు మార్కెట్లో అరటిగెలలు కొనేవారు. బేరం కుదిరాక కూడా గెలల దగ్గర నిలబడితే రైతుని అనుమానించినట్టేనని, మాట అవగానే ఇంటికి వచ్చేసేవారు.

ఆదివారం మధ్యాహ్నాలు మా గదికొచ్చి, నా కంప్యూటర్లో పాతకాలపు రాజుల యుద్ధాల ఆట ఆడేవారు. పక్క రాజ్యాన్ని ఆడించేది కంప్యూటరే అయినా, ఆ రాజుని 'ఆయన' అనే అనేవారు. సంధి కుదరగానే సరిహద్దు కోటలోంచి సైన్యాన్నంతా వెనక్కి పిలిచేసేవారు. రెండు వంతులు తిరక్కుండానే ఆ రాజు సంధి తప్పి కోట పట్టుకునేవాడు. ప్రతిసారీ ఈయన అదే మొదటిసారన్నట్టు నిర్ఘాంతపోయేవారు.

"ఇప్పుడే కదండీ మాటిచ్చారు. ఏంటండీ ఈయన?"

"అది మెషినండీ. కొంచెం సైన్యం ఉంచండి," అనేవాణ్ణి.

"మాటయ్యాక కాపలా పెడితే ఏం బాగుంటుందండి, మాస్టారూ?"

ఏడోసారి కోట పోయిన రోజున నాకే ఒళ్లు మండింది. "ఈసారి సంధి చేసుకుని, ముందు మీరే కొట్టండి," అన్నాను.

ఆయన చాలాసేపు ఆలోచించారు. సంధి చేసుకున్నారు. సైన్యాన్ని వెనక్కి పిలవలేదు. తర్వాతి వంతు రాగానే దాన్నంతా పక్క రాజు కోట మీదికి పంపారు.

కోట తలుపులు తెరిచే ఉన్నాయి. లోపల ఒక్క సైనికుడూ లేడు. ఆ రాజు ఇదివరకెప్పుడూ అలా చెయ్యలేదు.

ఆయన మౌస్ మీంచి చెయ్యి తీసేసి, ఒళ్లో పెట్టుకున్నారు.

"ఈసారి నమ్మారండి ఆయన," అన్నారు.