సరోజ టీచర్ చేతిలో మౌస్ లాక్కున్నాను

పొద్దున జరిగింది. ఇంకా సిగ్గుగానే ఉంది.

మా స్కూల్లో ఈ నెల నుంచి కంప్యూటర్ వాడటం తెలిసిన టీచర్లు, తెలియనివాళ్ల క్లాసులో కూర్చుని సాయం చేయాలన్నారు. సైన్సు చెప్పే సరోజ టీచర్ నా వంతుకి వచ్చారు. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో క్లాసులో నోరు విప్పడానికి భయపడితే ధైర్యం చెప్పింది ఆవిడే.

ఈ రోజు ఏడో తరగతికి గుండె పాఠం. ప్రొజెక్టర్ మీద వీడియో తనే పెడతానన్నారు. దానికోసం కాప్రాలో తన ఇంటి దగ్గరి నెట్ సెంటర్‌కి వెళ్లి మరీ నేర్చుకున్నారట. రెండుసార్లు నొక్కారు, తెరుచుకోలేదు. నాకు ఓపిక పోయింది.

"మీ వల్ల కాదు టీచర్, ఇటివ్వండి" అని మౌస్ లాగేసుకున్నాను.

పిల్లలు ఘొల్లుమన్నారు. ఆవిడ కిటికీ పక్కకు జరిగి, బెల్ కొట్టేదాకా అక్కడే నిలబడ్డారు. పాఠమంతా నేనే హుషారుగా చెప్పేశాను. పైగా స్టాఫ్‌రూంలో థాంక్స్ చెబుతారేమో అని ఎదురుచూశాను.

"నాకు నేర్పనీకె వచ్చినవు గదా సునీతా, పిల్లల ముందట గట్లెందుకన్నవమ్మా?" అన్నారు మెల్లగా.

తలెత్తలేకపోయాను. రేపు ఆ పిల్లల ముందే సారీ చెప్తాను, వీడియో మళ్లీ మీరే పెట్టండి టీచర్ అని బతిమాలాను.

"పెడ్త. నువ్వు జెర ఎనక బెంచీల కూసో."

కూర్చుంటాను. కానీ పక్కవాళ్లు తడబడుతుంటే చేతులు కట్టుకుని ఉండటం మీలో ఎవరికైనా వచ్చా? వస్తే రేపటిలోగా నాకు కాస్త నేర్పండి.