నేను చెరిపిన బొట్టు

మొన్న వేసవిలో మా చెల్లెలి మనవరాలు గుడివాడలోని మా ఇంటికి వచ్చి నాలుగు రోజులుండి, ఊరికే కూర్చోలేక నా ఫోన్లో ఒక యాప్ పెట్టి, పాత ఫొటోలు బాగుచేసుకోవడం ఎలాగో నాకు నేర్పడానికి పూనుకుంది. ఆల్బంలోని ఫొటోను ఫోన్‌తో మళ్లీ ఫొటో తీయాలి, వంకర అంచులు కత్తిరించాలి, వెలిసిపోయినదానికి కాస్త నలుపెక్కించాలి, మరకలున్న చోట వేలితో రుద్దాలి, అంతే. మా అమ్మ చీర కుచ్చెళ్ల మీద ఒక తేమ మరక, ఎన్ని ఇళ్లు మారినా మాతోపాటే కాపురం చేస్తూ వచ్చిన మరక, నా వేలి కిందే మాయమైపోతే చిన్నపిల్లలా చప్పట్లు కొట్టాను. అప్పుడు మనవరాలు ఇంకా సులువైన దారి చూపిస్తానని చెప్పి, ఒక గుర్తు మీద వేలు పెట్టి, "ఇది నొక్కావనుకో అమ్మమ్మా, మొహం మీద మచ్చలన్నీ అదే తీసేస్తుంది, ఏది మచ్చో దానికి తెలుసు" అంది.

ఆ మాటకు నాకు నవ్వాగలేదు. ఏది మచ్చో ఏది కాదో నేను తెలుసుకోవడానికి ఒక నిండు ముత్తయిదువ రెండు పూటలు అన్నం మానెయ్యాల్సి వచ్చింది మరి. ఆ సంగతి దానికి చెబితే ఫోన్లోంచి తల ఎత్తకుండానే ఊ కొట్టింది గనక, మీకు చెబుతున్నాను. నా ఈడు వాళ్లయితే మీకే బాగా అర్థమవుతుంది.

కలర్ ఫొటో అంటే పెళ్లిళ్లలో కూడా అపురూపంగా ఉన్న రోజులవి. చల్లపల్లి దగ్గర మా ఊళ్లో నాన్న మిషన్ బడిలో మాస్టారు. నేను ఇంటర్మీడియట్ లెక్కల్లో రెండుసార్లు తప్పాను. మూడోసారి తప్పే ఓపిక నాకూ, చూసే ఓపిక నాన్నకూ లేకపోవడంతో, కనీసం టైపన్నా నేర్చుకోమని బందరులో పెద్దమ్మ ఇంటికి పంపారు. టైపు ఇన్‌స్టిట్యూట్ మేడ మీద, దాని కింద ఒక ఫొటో స్టూడియో. ఆ స్టూడియో సాయిబుగారు మా పెదనాన్నకు చిన్ననాటి స్నేహితుడు కావడంతో మాకందరికీ మావయ్యగారే. చర్చి గోడ మీద వాక్యాలు, సండే స్కూలు చార్టులు అన్నీ నేనే రాసేదాన్ని. పెదనాన్న ఇంట్లో అలాంటి చార్టు ఒకటి చూసిన మావయ్యగారు, ఇంత కుదురైన చెయ్యిని టైపు మిషనుకు అప్పగించడం అన్యాయమని, తన దగ్గర టచింగ్ పని నేర్చుకోమని అన్నారు.

నాన్న అంత తేలిగ్గా ఒప్పుకునే మనిషి కాదు. ఆడపిల్ల స్టూడియోలో కూర్చోవడమా అని వారం రోజులు ఆలోచించి, చివరికి ఒక షరతు పెట్టారు. మూడు నెలలు చూస్తారట, ఈలోగా నా పని మీద ఒక్క ఫిర్యాదు వచ్చినా మారుమాట లేకుండా టీచర్ ట్రైనింగుకు వెళ్లాలట. బడిపిల్లలంటే నాకు అప్పుడూ ఇప్పుడూ హడలే. అందుకని ఆ మూడు నెలలూ ప్రాణాలు ఉగ్గబట్టుకుని పని చేశాను.

టచింగ్ అంటే నెగెటివ్ మీద పెన్సిలు పని. ఏటవాలు చెక్క బల్లకు మధ్యలో గాజుపలక, దాని కింద కిటికీ వెలుగును పైకి కొట్టే అద్దం, ఆ గాజు మీద నెగెటివ్ పెట్టుకుని, గరుకు కాగితం మీద సూదిలా అరగదీసిన పెన్సిలుతో చుక్క చుక్కా పూడ్చుకుంటూ పోవాలి. నెగెటివ్‌లో లోకమంతా తారుమారు. ఎంత తెల్లటి మనిషి మొహమైనా బొగ్గే, పాతికేళ్ల పిల్లకైనా తల ముగ్గుబుట్టే. మొహం మీద నల్లటి మొటిమ ఉంటే అది నెగెటివ్‌లో తెల్లటి చుక్కగా కనిపిస్తుంది, దాన్ని పెన్సిలుతో పూడిస్తే ఫొటోలో మొటిమ మాయం. మావయ్యగారు నాకు నేర్పిన సూత్రం ఒక్కటే, "నిన్న మొన్న వచ్చింది తీసెయ్యమ్మా, పుట్టుకతో వచ్చింది ఉంచు" అని. అంటే మొటిమ తీసెయ్యాలి, పుట్టుమచ్చ ఉంచాలి. మొదటి రెండు నెలలూ పరీక్షల దరఖాస్తులకు ఫొటోలు దిగే కుర్రాళ్లనే నాకిచ్చారు. ఆ ఏడు బందరు కుర్రాళ్ల మొటిమలన్నీ నా చేతి మీదుగానే పోయాయని ఇప్పటికీ గొప్పగా చెప్పుకుంటాను.

మూడో నెలలో మొట్టమొదటిసారి ఒక కుటుంబం ఫొటో నా బల్ల మీదికి వచ్చింది. పామిడిముక్కల దగ్గర పల్లెలో వ్యవసాయం చేసుకునే దంపతులు, వెనకాల నిలబడిన ఇద్దరు కొడుకులు. ఆ రైతుకు కడుపులో రాయి ఉందని, పై సోమవారం బెజవాడలో ఆపరేషన్ అని, కత్తి పడేలోగా అందరం కలిసి ఒక ఫొటో దిగాల్సిందేనని ఇల్లాలు పట్టుబట్టి తీసుకొచ్చిందని మావయ్యగారు చెప్పారు. నాకు ఒళ్లు దగ్గర పెట్టుకుని చెయ్యాలన్న పట్టుదల మరీ ఎక్కువైపోయింది. ఆవిడ మొహం మీద ఒక్కొక్క చుక్కే వెతికి వెతికి పూడ్చాను. సరిగ్గా కనుబొమల మధ్య మిగతావాటికన్నా పెద్దది, గుండ్రంగా ఒకటి కనిపించింది. పుట్టుమచ్చ ఇంత నడిమధ్యన ఉండదు, ఇది తప్పకుండా మొటిమేనని నిర్ధారించుకుని, పావుగంట సేపు శ్రద్ధగా పూడ్చేశాను.

బొట్టు అంటే తెలియకుండా పెరిగానా అంటే లేదు, మా వీధి నిండా బొట్లున్న మొహాలే. కాని మా ఇంట్లో అమ్మకు లేదు, పెద్దమ్మకు లేదు, నాయనమ్మకు లేదు. ఆ తారుమారు లోకంలో నేను చుక్కల్నే చూశాను గాని మొహాన్ని చూడలేదు. మావయ్యగారి ఇంట్లోనూ బొట్టు లేదు గనక, అది వేరే చెప్పాల్సిన విషయమని ఆయనకూ తట్టినట్టు లేదు. పైగా ఆయన నాగాయలంకలో పెళ్లి ఫొటోలకు బయల్దేరే తొందరలో ప్రింటు వేసి, మొహం ఎంత నున్నగా వచ్చిందని నన్ను మెచ్చుకుని, ఫ్రేము కట్టించి ఆ రైతు చేతిలో పెట్టి బస్సెక్కేశారు.

మూడో రోజు పొద్దున్నే ఆ రైతు ఫ్రేమును తువ్వాల్లో చుట్టుకుని వచ్చి, బల్ల మీద పెట్టి, "ఏవండీ సాయిబుగారూ, నేనింకా బతికే ఉన్నానండీ, కావాలంటే ముట్టుకు చూడండి" అన్నాడు. మావయ్యగారికి అర్థం కాలేదు. ఫ్రేములోకి చూశాక మాత్రం ఆయన మొహంలో నెత్తురు చుక్క లేదు. మొగుడు పక్కన కూర్చుని ఉండగా ఆవిడ నుదురు బోసిగా ఉంది. అన్నంత సేపూ అతను నవ్వుతూనే అన్నాడు గాని, అసలు సంగతి నవ్వులాట కాదు. ఇంటావిడ నిన్నటి నుంచి పచ్చి మంచినీళ్లు కూడా ముట్టలేదట, ఈ శకునం చూశాక ఆపరేషనుకు పంపించేది లేదని గుమ్మానికి అడ్డం కూర్చుందట. ఇటు చూస్తే డాక్టరు ఇంకా ఆలస్యం చేస్తే మంచిది కాదని చెప్పి ఉన్నాడు.

తప్పు తనదేనని, తానే చూసుకోలేదని మావయ్యగారు చేతులు పట్టుకున్నారు. తెర వెనక నిలబడి అంతా విన్నాను. టీచర్ ట్రైనింగు కళ్ల ముందు కనిపించింది. అయినా నా తప్పుకు ఆయన మాట పడుతుంటే చూస్తూ ఉండలేక బయటికి వచ్చి, చెరిపింది నేనేనండీ అన్నాను. ఆ రైతు నా మొహంలోకి, నా నుదుటి వైపు చూశాడు. అతనికి అంతా అర్థమైపోయింది. "ఈ మాట మా ఇంటిదానికి నువ్వే వచ్చి చెప్పమ్మా, నేను చెబితే నమ్మదు" అన్నాడు.

వాళ్ల ఊరి మీదుగా పోయే బెజవాడ బస్సులో మావయ్యగారు, నేను, ఆ రైతు, నా ఒళ్లో ఆ ఫ్రేము. దారి పొడుగునా ఏం చెప్పాలో కూడబలుక్కున్నాను గాని, ఆవిడ ఎదుట నిలబడేసరికి ఒక్కటీ గుర్తు లేదు. ఏడ్చి ఏడ్చి వాచిన కళ్లు, ఆ నుదుట కుంకుమ బొట్టు, నిజం మనిషి. నోటికొచ్చింది నిజమే గనక అదే చెప్పాను. మొటిమ అనుకున్నానండీ అన్నాను.

"మొటిమా?" అంది ఆవిడ. "నా వయసుకి మొటిమలేంటే పిచ్చిమొహమా!" అని నవ్వడం మొదలుపెట్టింది. ఆ నవ్వు ఎంతకీ ఆగలేదు, చెంగుతో కళ్లు తుడుచుకోవడం, మళ్లీ నవ్వడం. మధ్యలో మొగుడి వైపు తిరిగి, "పక్కనే కూర్చున్నారు, ఇంటికి మోసుకొచ్చారు, మీకు కనపళ్లేదు, మీ కొడుకులకీ కనపళ్లేదు, పాపం ఈ పిల్లొక్కతే నా మొహం పట్టించుకుని చూసింది" అంది. అక్కడున్న మగవాళ్లంతా, మావయ్యగారితో సహా, తలలు దించుకున్నారు.

తరువాత ఫ్రేము విప్పి ఫొటో నా ముందు పెట్టి, చెరిపిన చేత్తోనే పెట్టమంది. పుట్టి బుద్ధెరిగాక నేను ఎవరికీ బొట్టు పెట్టలేదు. వెంట తెచ్చుకున్న కుంచెను సిరాలో ముంచాను గాని ఫొటో మీద ఆనించలేకపోయాను. ఆవిడ నా మణికట్టు కింద తన అరచెయ్యి ఆనించి పట్టుకుంది. ఆవగింజంత పెట్టాను. ఇంకాస్త అంది. పెసర గింజంత చేశాను. ఇంకాస్త, ఇంకాస్త అంటూ ఆ ఫొటోలో ఆవిడ బొట్టు అసలుకన్నా పెద్దదయ్యేదాకా ఊరుకోలేదు. అప్పుడు లేచి అన్నం వడ్డించింది. గోంగూర పచ్చడి, గడ్డ పెరుగు. ముందు నేను తింటేగాని తాను తిననంది.

సోమవారం ఆపరేషన్ జరిగింది. పదిహేను రోజులకు ఆ రైతు కడుపులోంచి తీసిన రాయిని చిన్న సీసాలో వేసుకుని స్టూడియోకు తెచ్చి, వచ్చినవాళ్లందరికీ చూపించి, దానిక్కూడా ఒక ఫొటో తియ్యమన్నాడు. వెంట ఒక బస్తా మినుములు. ఫిర్యాదు సంగతి నాన్నకు చెప్పకుండా దాచలేను గనక చెప్పేశాను. ఆయన అంతా విని, మినపసున్ని ఉండ ఒకటి నోట్లో వేసుకుని, ఇంత రుచిగా ఉండేది ఫిర్యాదు ఎలా అవుతుందన్నారు. ఆ విధంగా నేను బందరులో ఇరవై ఆరేళ్లు టచింగ్ చేశాను. ఏటా ఒకసారి ఆ కుటుంబం ఫొటో దిగడానికి వచ్చేది. మా పిల్లే టచింగ్ చెయ్యాలని ఆవిడ, ముందు బొట్టు సరిచూసుకుని గాని ప్రింటు వెయ్యనని నేను. చర్చిలో నా పెళ్లికి అందరికన్నా ముందు వరసలో పెద్ద బొట్టుతో కూర్చున్నది ఆవిడే. మొదటి ఏడు అండీ అన్నాను, రెండో ఏడు నుంచి పిన్నీ అన్నాను. నా పురుళ్లకు పథ్యం పొడులు కొట్టి పంపింది, అమ్మ పోయినప్పుడు పదిరోజులు మా ఇంట్లోనే ఉండిపోయింది.

పిన్ని పోయి చాలా ఏళ్లయింది, మావయ్యగారు అంతకు ముందే పోయారు. టచింగ్ బల్ల ఎటు పోయిందో నాకే తెలియదు.

మనవరాలు వెళ్లిపోయే రోజు పొద్దున నేనొక్కదాన్నే కూర్చుని పెదనాన్న ఫొటో బాగుచేస్తూ, మరక అనుకుని ఆయన చెవి సగం రుద్దేసి, గుండె జారిపోయి కేకేశాను. అది తాపీగా వచ్చి, పైన వెనక్కి తిరిగి ఉన్న బాణం గుర్తు నొక్కింది. చెవి మళ్లీ వచ్చేసింది. "తప్పు చేస్తే ఏముంది అమ్మమ్మా, ఇది నొక్కితే సరి, ఎవరికీ తెలియను కూడా తెలియదు" అంది. నిజమే, ఎంత సుఖం! ఆ సుఖం వద్దనేంత వెర్రిదాన్ని కాను, ఆ తరువాత రోజుకు పదిసార్లు ఆ బాణం నొక్కుతూనే ఉన్నాను. కాని నొక్కినప్పుడల్లా ఒక్కటే అనిపిస్తుంది. ఆ గుర్తు ఆనాడే నా బల్ల మీద ఉండి ఉంటే, నేను ఆ ఫ్రేముతో బస్సెక్కి ఆ గుమ్మం ముందు నిలబడే పనే ఉండేది కాదు. నాకు పిన్నీ ఉండేది కాదు.