ముందు చక్రం లేని సైకిల్

మన ఈడు వాళ్ళు ఇద్దరు కలిస్తే ముందు పిల్లల కబుర్లు, ఆ తర్వాత మోకాళ్ళ కబుర్లు వస్తాయి కాబట్టి నేనూ మోకాళ్ళతోనే మొదలుపెడతాను. పోయిన నెల డాక్టరు నా మోకాలికి ఎక్స్‌రే తీయించి, నడక తగ్గించి సైకిల్ తొక్కమన్నాడు. ఈ వయసులో నరసరావుపేట రోడ్ల మీద సైకిలెక్కితే మోకాలి సంగతి తర్వాత, ముందు మనిషి సంగతి చూసుకోవాలి గదా అని నేను నవ్వితే, రోడ్డు మీద కాదమ్మా, జిమ్ములో తొక్కండి అన్నాడు. ఒంటరిగా వెళ్ళడానికి మొహమాటపడి, నాకంటే మూడేళ్ళు పెద్దదైన మా వదినను తోడు తీసుకుని ఒక సాయంత్రం ఆ మెట్లెక్కాను.

ఏసీ గదిలో పదిహేను సైకిళ్ళు వరసగా ఉన్నాయి, ఒక్కదానికీ ముందు చక్రం లేదు. ఏదో పరుగుపందేనికి తయారవుతున్న ఆడపిల్లలూ మగపిల్లలూ పాట పెట్టుకుని చెమటలు కక్కుతూ తొక్కుతున్నారు. నేర్పే అబ్బాయి మైకు పెట్టుకుని, బయట పరిగెత్తేవాళ్ళకు ఇది ఎంత మేలు చేస్తుందో చెబుతున్నాడు. దమ్ము పెరుగుతుందట, తొడల్లో బలం వస్తుందట, మోకాలి మీద దెబ్బ పడదట, కాసేపు బరువు పెంచి కాసేపు తగ్గిస్తూ తొక్కితే పరుగులో వచ్చే కష్టమంతా కూర్చున్నచోటే గుండెకు అలవాటైపోతుందట. వదిన మోచేత్తో నన్ను పొడిచింది. నాకు నవ్వాగలేదు. పాపం ఆ అబ్బాయి, మేము నమ్మడం లేదనుకుని ఇంకా వివరంగా చెప్పడం మొదలుపెట్టాడు.

నమ్మకపోవడమేముంది? ఈ పాఠం మా ఇంటి వసారాలో ఎనభైల్లోనే జరిగింది. కాకపోతే అప్పుడు నేర్పిన మనిషికి తాను నేర్పుతున్నానన్న సంగతే తెలియదు.

అప్పట్లో మేము పిడుగురాళ్ళలో, లారీలు పోయే రోడ్డు పక్కనే ఉండేవాళ్ళం. నాన్న పోయాక ఇల్లు మా అమ్మ మీద, అన్నయ్య మీద నిలబడింది. ముందు భాగంలో అన్నయ్య సైకిల్ షాపు, వెనక వసారాలో అమ్మ సాన. సాన అంటే మీకు తెలిసే ఉంటుంది, కత్తులూ కొడవళ్ళూ పదును పెట్టే రాయి. ఒక పాత లేడీస్ సైకిల్‌కు ముందు చక్రం తీసేసి, కర్ర చట్రానికి బిగించి, వెనక చక్రం నుంచి రాతికి బెల్టు వేశారు. ఒకరు సీటు మీద కూర్చుని తొక్కుతుంటే రాయి తిరుగుతుంది, ఎదురుగా పీట మీద కూర్చున్న మనిషి ఇనుము ఆనించి నొక్కుతుంది. ఆ నొక్కే పని మా అమ్మది. ఆ విద్య ఆమెకు పుట్టింటి నుంచి వచ్చింది, ఆమె పట్టిన పదును చుట్టుపక్కల నాలుగూళ్ళలో ఎవరికీ రాదని నేను కూతురిగా కాదు, కూరలు తరిగిన మనిషిగా చెబుతున్నాను.

వదిన మాచర్ల వైపు పల్లె పిల్ల. హైస్కూల్లో ఉన్నప్పుడు పరుగులో ఆమెను మించినవాళ్ళు లేరు. కాపురానికి వచ్చేటప్పుడు సారెతో పాటు తాను గెలుచుకున్న స్టీలు గ్లాసులు కూడా తెచ్చుకుంది, మేము మంచినీళ్ళు తాగింది వాటితోనే. పెళ్ళయిన రెండేళ్ళకు, వ్యాయామం పంతులమ్మ ట్రైనింగుకు సీట్లున్నాయని, గుంటూరులో పరుగు పరీక్ష పెడతారని పేపర్లో పడింది. ఎనిమిది వందల మీటర్లు. వయసు లెక్క చూస్తే ఆమెకు అదే ఆఖరి అవకాశం. ఆ కాగితం ముక్క కత్తిరించి వంటింట్లో పోపుల డబ్బా అడుగున దాచుకున్న మనిషికి దాని మీద ఎంత ఆశ ఉందో నేను వేరే చెప్పక్కర్లేదు. అన్నయ్యకు ఇష్టమే. కానీ అమ్మ దగ్గర మాటెత్తితే ఒక్క ముక్కలో తేల్చేసింది.

"కోడలు రోడ్డెక్కి పరిగెత్తితే, ఇంటికేందో నిప్పంటుకుందని జనం బిందెలేసుకుని వస్తార్రా!"

అమ్మ దుర్మార్గురాలు కాదు. ఆ కాలానికి ఆమె లోకం అంతే, దానికి తోడు మా రోడ్డు కూడా అటువంటిదే. లారీలు, వాటి వెనక సున్నపు దుమ్ము. అయినా వదిన ఊరుకోలేదు. నేను అప్పటికి నడికుడి దగ్గర ఒక పల్లెటూరి బడిలో కొత్తగా టీచరుగా చేరాను. ఆదివారం బడికి సున్నం వేయిస్తున్నారు, చూసి రావాలి అని ఒక అబద్ధమాడి ఆమెను తీసుకుపోయి ఖాళీ మైదానంలో వదిలాను. ఒక్క చుట్టు పూర్తికాకుండానే ఆమె కూలబడిపోయింది. రెండేళ్ళుగా కట్టెల పొయ్యి ముందు కూర్చున్న మనిషికి దమ్మెక్కడుంటుంది? ఓడిపోయినందుకు కాదు, తన కాళ్ళు తన మాట విననందుకు ఏడ్చింది.

ఆ వానాకాలం అన్నయ్యకు నడుం పట్టేసింది. సాన తొక్కేవాళ్ళు లేరు, కోతల ముందు కొడవళ్ళు కుప్పలుగా వచ్చిపడుతున్నాయి. నేను తొక్కుతానత్తయ్యా అని వదిన చీర దోపుకుని సీటెక్కింది. వసారాకు తడికలున్నాయి, బయటికి ఎవరికీ కనపడదు, ఇంటి పని, పరువుకు లోటు లేదు. అమ్మ సరేనంది. మొదటి వారం రాత్రయితే నడవలేక గోడలు పట్టుకుని తిరిగిన వదిన, నెల తిరిగేసరికి గంట తొక్కినా అలసట ఎరగకుండా అయింది. ఆ సంగతి మాకెలా తెలిసిందంటే, ఒకరోజు నేను అన్నం క్యారేజీ మరిచిపోయి బస్సెక్కితే, ఆమె ఇంటి నుంచి బస్టాండు దాకా పరుగున వచ్చి, కదులుతున్న బస్సు కిటికీలోంచి క్యారేజీ అందించి, పచ్చడి వేరే గిన్నెలో పెట్టాను, ఒలకబోసుకోకు అని మామూలు గొంతుతో చెప్పింది. ఆయాసం లేదు, ఎగశ్వాస లేదు. ఇద్దరం ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. బస్సు వెళ్ళిపోయింది గానీ ఆ చూపులోనే కుట్ర మొత్తం కుదిరిపోయింది.

ఆ తర్వాత మేము చేసింది తలుచుకుంటే ఇప్పటికీ ఆమె తెలివికి దణ్ణం పెట్టాలనిపిస్తుంది. సాన మీద కత్తెర పెడితే చక్రం తేలిగ్గా తిరుగుతుంది. కొడవలికి కొంచెం బరువు. గొడ్డలి ఆనిస్తే మాత్రం బండి గట్టు మీదికి ఎక్కుతున్నట్టుంటుంది, తొడలు మండిపోతాయి. వదిన ఇది కనిపెట్టి, వచ్చిన సరుకును అమ్మ పక్కన తానే పేర్చిపెట్టేది. ముందు రెండు కత్తెరలు, తర్వాత ఒక గొడ్డలి, మళ్ళీ ఒక కొడవలి, మళ్ళీ గొడ్డలి. నేను పక్కన పిల్లల నోటుబుక్కులు దిద్దుతున్నట్టు కూర్చుని, చేతి గడియారం చూసి, గొడ్డలి ఎన్ని నిమిషాలు ఆగకుండా తొక్కిందో మార్జిన్లో రాసుకునేదాన్ని. ఆ ఏడు మా బడిలో కొందరు పిల్లల లెక్కల నోట్సులో అర్థంకాని అంకెలు కొన్ని మిగిలిపోయాయి. బరువూ తేలికా మార్చి మార్చి తొక్కాలని జిమ్ము అబ్బాయి చెప్పింది ఇదే కదూ!

ఇక అమ్మ మురిసిపోవడం చూడాలి. మా కోడలు సాన తొక్కితే కొడవలి కాదే, అద్దమే అని నీళ్ళ పంపు దగ్గర, కిరాణా కొట్టు దగ్గర చాటింపు వేసింది. ఆ మాట విని ఎక్కడెక్కడివాళ్ళో కత్తులు తెచ్చేవాళ్ళు. ఆ పొగడ్తలు వింటున్నప్పుడల్లా వదిన తల దించుకునేది. అమ్మను మోసం చేస్తున్నామన్న బాధ ఆమెకు నాకంటే ఎక్కువ ఉండేది.

పరీక్షకు నెలరోజులుందనగా మళ్ళీ మా బడి మైదానానికి వెళ్ళాం. ఈసారి పరీక్షలో పెట్టే రెండు చుట్లే కాదు, నాలుగు తిరిగింది. ఊపిరి చెక్కుచెదరలేదు. నేను గంతులేస్తుంటే, ఆమె కుంటుకుంటూ వచ్చి కూర్చుని అరికాళ్ళు చూపించింది. రెండూ బొబ్బలు. దమ్ము సైకిల్ ఇచ్చింది, తొడల బలం సైకిల్ ఇచ్చింది, కానీ నేల అలవాటు నేలే ఇవ్వాలి గదా, సీటు మీద కూర్చున్న కాలికి గులకరాయి ఎలా తెలుస్తుంది? అందుకని ప్రతి ఆదివారం ఏదో ఒక వంక పెట్టి తీసుకెళ్ళి వట్టికాళ్ళతో పరిగెత్తించాను. దానితోనే దొరికిపోయాం.

పరీక్షకు పది రోజులుందనగా, పాపం కోడలు అలిసిపోతుందని అమ్మ ఆముదం వెచ్చబెట్టుకుని తానే వచ్చి ఆమె కాళ్ళకు రాయబోయింది. అరికాలు చూసి ఆగిపోయింది.

"సాన తొక్కితే అరికాళ్ళు ఇట్టా పగలవే. ఏంది ఇది?"

వదిన ఒక్క అబద్ధం ఆడలేదు. మొత్తం చెప్పేసింది, గొడ్డళ్ళ వరసతో సహా. అమ్మ అంతా విని, గిన్నె కింద పెట్టి, నన్ను గుడ్డిదాన్ని చేసి నా చేతే ఈ పని చేయించుకున్నారా అని ఒక్క మాట అని లేచి వెళ్ళిపోయింది. ఆ తర్వాత నాలుగు రోజులు సాన తిరగలేదు. కత్తులు తెచ్చినవాళ్ళను అన్నయ్య ఏవో సాకులు చెప్పి తిప్పి పంపాడు. వదిన అన్నం ముందు కూర్చుని, తినకుండానే లేచి వెళ్ళేది. వద్దన్న పని దాచి చేశానే గానీ, వద్దంటే ఇప్పుడు వెళ్ళను అని నాతో అంది. అంత కష్టం ఆ ఒక్క మాటతో కొట్టుకుపోతుందా అనిపించింది. అమ్మ మీద నాకు జీవితంలో అంత కోపం ఎప్పుడూ రాలేదు.

ఐదోనాడు పొద్దున్నే సాన దగ్గర చప్పుడైతే వెళ్ళి చూశాను. అమ్మ పీట మీద కూర్చుని ఉంది. చేతిలో మొద్దులు నరికే పెద్ద గొడ్డలి, మా ఇంట్లో ఉన్న ఇనుములోకెల్లా బరువైనది. ఎక్కు అన్నట్టు తలతో సైగ చేసింది. వదిన ఎక్కి తొక్కడం మొదలుపెట్టింది. అమ్మ గొడ్డలి ఆనించి, రెండు చేతులతో, ఒంటి బరువంతా వేసి నొక్కింది. నిప్పురవ్వలు తడిక దాకా లేచాయి. చక్రం మూలిగింది, ఆగిపోబోయింది, మళ్ళీ కదిలింది. అది కోపమో సాయమో నాకు తెలియలేదు, వదినకు కూడా తెలియలేదని తర్వాత చెప్పింది. అమ్మ తలెత్తకుండానే అంది:

"ఆగావంటే ఇంట్లో ఉండు. ఆగకపోతే గుంటూరు పో."

వదిన ఆగలేదు. ఎంతసేపు తొక్కిందో తెలియదు, ఆరోజు గడియారం చూడటం నాకు గుర్తు రాలేదు. కన్నీళ్ళూ చెమటా కలిసి గడ్డం మీదుగా కారుతున్నా, పళ్ళు బిగించి, సీటు మీంచి లేచి నిలబడి మరీ తొక్కింది. చివరికి అలిసిపోయి చేతులు తీసింది అమ్మే. గొడ్డలి పదును బొటనవేలితో చూసుకుంటూ, చానా బాగా వచ్చింది అంది. గొడ్డలి గురించే అన్నట్టుంది. ఆ మిగిలిన రోజులు పొద్దునా సాయంత్రం ఆమే పిలిచి మరీ తొక్కించింది. గొడ్డలి ఎప్పుడు ఆనించాలో, కత్తెర ఎప్పుడు పెట్టాలో ఇక వదిన పేర్చే అవసరం లేకపోయింది.

గుంటూరుకు నేనే తోడు వెళ్ళాను. మొదటి చుట్టులో వదిన వెనకబడే ఉంది, బూట్లు వేసుకున్న పట్నం పిల్లలు ముందు దూసుకుపోయారు. రెండో చుట్టు సగంలో వాళ్ళు ఒక్కొక్కరే నోళ్ళు తెరిచి నెమ్మదించారు. వదిన మాత్రం అదే వేగం, అదే ఊపిరి, మా వసారాలో కూర్చుని తొక్కుతున్నట్టే. రెండో స్థానంలో వచ్చింది, సీటు వచ్చింది. అక్కడి పెద్దాయన ఒకరు, కోచింగ్ ఎవరిచ్చారమ్మా అని అడిగితే, మా అత్తయ్య అని చెప్పి, ఆయన ఇంకేదో అడగబోయేలోపే ఏడ్చేసింది. ఇంటికొచ్చి ఆ మాట చెబితే అమ్మ, పోవే, నేనేం చేశాను, ఇనుము నొక్కాను అంది. కానీ ఆ సాయంత్రం నీళ్ళ పంపు దగ్గర చాటింపు మాత్రం మారిపోయింది.

వదిన ట్రైనింగుకు వెళ్ళిన ఏడాదంతా అన్నయ్యే సాన తొక్కాడు, నీ కాలిలో పస లేదురా అని అమ్మ చేత తిట్లు తిన్నాడు. వదిన పాతికేళ్ళకు పైగా పల్నాడు బళ్ళలో ఆడపిల్లల్ని పరిగెత్తించి రిటైరయింది. అమ్మ పోయి చాలా కాలమైంది. ఆ ఇల్లు ఉన్నచోట ఇప్పుడు రోడ్డు వెడల్పయింది, సాన రాయి ఏమైందో మాలో ఎవరికీ గుర్తు లేదు.

ఇవాళ ఆడపిల్లలు బూట్లు వేసుకుని పొద్దున్నే నడిరోడ్డు మీద పరిగెత్తుతున్నారు, ఎవరూ బిందెలతో రావడం లేదు. అది చూసి నేను సంతోషించని రోజు లేదు. ఏ అబద్ధమూ ఆడకుండా, ఏ కాగితమూ పోపుల డబ్బా కింద దాచకుండా వాళ్ళు కావాలనుకున్నది చేస్తున్నారు, అలాగే చెయ్యాలి. జిమ్ములో బరువు పెంచడానికి ఒక చిన్న మర ఉంది, ఎవరిది వాళ్ళే తిప్పుకోవచ్చు, కష్టమనిపిస్తే తగ్గించుకోవచ్చు. నేనైతే వెంటనే తగ్గించుకున్నాను. వదిన పక్క సైకిలెక్కి తొక్కింది, ఈ వయసులో కూడా చూడముచ్చటగా, వెన్ను వంచకుండా. కాసేపటికి ఆపేసి అలాగే కూర్చుండిపోయింది. ఏమైందని అడిగితే ముందున్న నున్నటి నేల వైపు చూపించి, ఇక్కడ అత్తయ్య పీట వేసుకునే చోటు లేదే అంది. నేనూ అటే చూశాను. తర్వాత ఇద్దరం నెమ్మదిగా మెట్లు దిగి ఇంటికి వచ్చేశాం.