జేబులోంచి చెయ్యి తియ్యని ఎల్డన్

ఎల్డన్ ప్రూయిట్ ఎదుటివాళ్ల బండి మీద చచ్చినా చెయ్యి వెయ్యడు. అరిజోనా ఎడారిలో మోటార్‌హోమ్‌లు, అంటే ఇల్లంతా అందులోనే ఉండే బండ్లు, నిలుపుకుని చలికాలం గడిపే జనంలో బండ్ల మరమ్మతు ఆయనంత తెలిసినవాడు లేడు, ఆయనంత బద్ధకస్తుడూ లేడని ప్రతీతి. పిలవగానే పరిగెత్తుకొస్తాడు. వచ్చి, రెండు చేతులూ ప్యాంటు జేబుల్లో దోపుకుని నిలబడతాడు. కాఫీ ఇస్తే కాగితం కప్పు పళ్లతో పట్టుకుని తాగుతాడు.

ఆ ఉదయం విల్మాకి ఆయనే దిక్కయ్యాడు. భర్త పోయాక ఆవిడ ఒంటరిగా బయల్దేరిన మొదటి ప్రయాణమది. మీట నొక్కితే మోటారు మీద బండి పక్కనుంచి బయటికి జరిగే గది జరిగినచోటే బిగుసుకుపోయింది. అది లోపలికి పోనిదే బండి కదలకూడదు. ఒకే చోట పద్నాలుగు రోజులకు మించి ఉండనివ్వరు, ఆ గడువు ఇవాళ మధ్యాహ్నంతో సరి. పైగా పన్నెండింటికి మరిది డ్వేన్ వస్తున్నాడు. "నీవల్ల కాదు వదినా, అమ్మెయ్" అని నెలరోజులుగా చెవిలో జోరీగలా పోరుతున్నాడాయన. కొనేవాణ్ని కూడా చూసిపెట్టాడు.

"ఎల్డన్ గారూ, బ్యాటరీ పోయిందంటారా?"

"నన్నడుగుతావేం? మీటరు పెట్టి దాన్నడుగు."

పెట్టింది. "పన్నెండున్నర వోల్టులు. బానే ఉందే!"

"ఊరికే కూర్చున్నవాడు ఎప్పుడూ బానే ఉంటాడమ్మా. పని చెప్పి చూడు. మీటరు మోటారు దగ్గర పెట్టు, మీట నేను నొక్కుతా."

నొక్కాడు, మోచేత్తో. మోటారు మూలిగింది, మీటరు తొమ్మిదికి జారింది. బ్యాటరీ దగ్గర పెట్టి చూస్తే మాత్రం పన్నెండు దిగలేదు.

"అయితే కరెంటు దారిలోనే ఎక్కడో ఆగిపోతోంది," అంది విల్మా ఆలోచిస్తూ.

"ఆ మాట నువ్వన్నావు, నేననలేదు."

విల్మాకి ఒళ్లు మండింది. "మీ చేతులు జేబులకేమన్నా కుట్టించారా?"

"చలమ్మా, చలి!" అన్నాడు. ఎండ మాడు పగలగొడుతోంది.

తిట్టుకుంటూనే ఆవిడ తీగ వెంట పాక్కుంటూ బండి కిందికి దూరింది. బ్యాటరీ నుంచి వచ్చిన నల్లతీగను బండి చట్రానికి బిగించినచోట బోల్టు నిండా తుప్పు. "దొరికింది!" అని కేకేసింది.

"ముందు బ్యాటరీ దగ్గర తీగ ఊడదియ్యి. ఆ తర్వాతే దాన్ని ముట్టుకో."

పానాతో విప్పి, తీగబ్రష్షుతో గీకి, మెరిసేదాకా రుద్ది మళ్లీ బిగించేసరికి పదకొండున్నరయింది. మీట నొక్కింది. గది గుర్రుమంటూ లోపలికి జరిగి బుద్ధిగా సర్దుకుంది. విల్మా "అమ్మయ్య!" అని మెట్టుమీద కూలబడింది. ఒంటినిండా మట్టి, నవ్వు మాత్రం ఆగడంలేదు.

అప్పుడే వచ్చిన డ్వేన్ సంగతి విని ఎల్డన్ మీద లేచాడు. "ఐదు నిమిషాల పని! నువ్వు వస్తూనే కనిపెట్టి ఉంటావు. పొద్దున్నించీ మా వదినని మట్టిలో పొర్లిస్తావా?"

"కనిపెట్టానులే," అన్నాడు ఎల్డన్. "నేను బిగిస్తే ఇవాళ గట్టెక్కేది. ఎల్లుండి ఏ కొండదారిలోనో ఆగిపోతే అక్కడికి నేనెలా వచ్చేది?"

పొద్దుటినుంచీ ఆయన్ని తిట్టుకున్న తిట్లన్నీ విల్మా మనసులోనే వెనక్కి తీసేసుకుంది. ఇంతమంచి బద్ధకస్తుణ్ని ఆవిడ పుట్టి బుద్ధెరిగి చూడలేదు.

డ్వేన్ తల గోక్కున్నాడు. "మరి కొంటానన్నాయనకి ఏం చెప్పమంటావు వదినా?"

"బండి బ్రహ్మాండంగా ఉందని చెప్పు. అమ్మడం లేదనీ చెప్పు," అంటూ విల్మా ఎక్కి కూర్చుని ఇంజను తిప్పింది. "కాస్త పక్కకి జరుగు నాయనా, నేను వెనక్కి తియ్యాలి."